బిజ్జల మహారాజు – కల్యాణ పతనము

కల్యాణ పట్టణమును తలచినంతనే శరణ సంతతివారమగు మనకు అనుభవ మంటపము స్ఫురించును. అల్లమ ప్రభువు, బసవేశ్వరుడు, అక్క మహాదేవి కన్నులకు కట్టినట్లగుదురు. వారితోపాటు మరియొక పేరును మనసున మెదలును. అది బిజ్జలునిది. మన కథలలో అతడు శరణులను హింసించిన క్రూరుడు. అంతటితో అతని ప్రసక్తి ముగియును. కాని బసవేశ్వరుని చేరదీసి భాండాగారము నప్పగించినవాడును ఆ బిజ్జలుడే. అతని జీవితమును, మరణమును, ఆ మరణమువలన కలిగిన ఫలితమును శాంతచిత్తముతో పరిశీలించుట మనకు శ్రేయస్కరము.

పండ్రెండవ శతాబ్ది ఆరంభమున దక్కను దేశమును పశ్చిమ చాళుక్యులు కల్యాణము రాజధానిగా పాలించుచుండిరి. వారిలో మేటియగు ఆరవ విక్రమాదిత్యుడు 1076 మొదలు 1126 వరకు ఏబదియేండ్లు రాజ్యము చేసెను. కాశ్మీరమునుండి వచ్చిన బిల్హణ మహాకవియు, యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడును ఆ రాజు నాశ్రయించినవారే. విక్రమాదిత్యుని అనంతరము ఆ వంశపు బలము క్రమముగా సన్నగిల్లెను. సామంతులు తలలెత్తిరి. మన ఓరుగంటి సీమలో కాకతీయ రెండవ ప్రోలరాజు చాళుక్య చక్రవర్తియగు తైలపుని యుద్ధమున బంధించి, భక్తిచే మరల విడిచిపుచ్చెనని వేయిస్తంభముల గుడియందలి 1163 నాటి శాసనము తెలుపుచున్నది. చక్రవర్తి తన సామంతునికే బందీ యైన కాలమది.

బిజ్జలుడు కలచురి వంశీయుడు, పెర్మాడి కుమారుడు. వారి స్థానము మంగళవేడ. ఆ యూరు నేటి మహారాష్ట్రమున సోలాపురము జిల్లాలో నున్నది. బిజ్జలుడు చాళుక్యులకు మహామండలేశ్వరుడై, యుద్ధములయందు పేరు గాంచి, తైలపుని కాలమున రాజ్యతంత్రమంతయు తన చేతిలోనికి తెచ్చుకొనెను. 1157 ప్రాంతమున స్వతంత్రుడయ్యెను. 1162 నాటికి కల్యాణమున చక్రవర్తి బిరుదములను ధరించెను. అతడు జైనుడని కొందరు, శైవుడని కొందరు వ్రాసిరి. మతమేదైనను, అతడు కార్యదక్షుడనుటలో సందేహము లేదు. కాని అతడు కూర్చున్న సింహాసనము వంశక్రమమున వచ్చినది కాదు. ప్రభువునుండి లాగికొన్న గద్దెపై కూర్చున్నవానికి నిద్ర తక్కువ. అతని తదుపరి నడవడిని గ్రహించుటకు ఈ యొక్క విషయమును మరువరాదు.

బాగేవాడి అగ్రహారమున పుట్టి, కూడలసంగమమున విద్య నేర్చిన బసవేశ్వరుడు మంగళవేడలో చిన్న లెక్కల ఉద్యోగమున ప్రవేశించెనని పరంపర చెప్పును. బిజ్జలుని మంత్రియగు బలదేవుని కుమార్తె గంగాంబికను పరిణయమాడెను. క్రమముగా భాండాగారికుడయ్యెను. రాజు కల్యాణమునకు రాగా తానును వచ్చెను. అచ్చటనే అనుభవ మంటపము వెలసినది. చాకలియగు మాచయ్యయు, పడవ నడపు చౌడయ్యయు, చర్మకారుడగు హరళయ్యయు, బ్రాహ్మణ మంత్రి మధువరసుడును ఒక్క పంక్తిని కూర్చుండి శివానుభవమును చర్చించిరి. కాయకమును, దాసోహమును ఆచరణమున చూపిరి. ఈ కార్యము రాజధాని నడిబొడ్డున, రాజు కన్నులయెదుట జరిగినది. భాండాగార ధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెములు చెప్పగా, బిజ్జలుడు లెక్క చూడ, కాసైన తగ్గలేదని కథ కలదు. కొండెములు వినినంతనే బసవేశ్వరుని తొలగింపక, లెక్క చూచుటకు పూనిన రాజు అతడు. అనేక సంవత్సరములు శరణులకు నీడయై నిలచినది అతని ఛత్రమే.

ఆ నీడ తొలగుటకు కారణమొక వివాహము. మధువరసుని కుమార్తెను హరళయ్య కుమారున కిచ్చి పెండ్లి చేసిరి. లింగధారణ చేసినవారిలో కులభేదము లేదని నమ్మినవారికి అది సహజమైన కార్యము. కాని మితాక్షర పుట్టిన పట్టణమున, స్మృతులే ప్రమాణమని నమ్ము సభలో, అది ఘోరాపరాధము. వంశబలము లేని రాజునకు పెద్దల మద్దతే బలము. వారు తిరుగబడినచో అతని గద్దె నిలువదు. ఈ భయమే బిజ్జలుని న్యాయము తప్పించినదని మనము ఊహింపవచ్చును. అతడు హరళయ్యను, మధువరసుని అతిక్రూరముగా శిక్షించెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఇద్దరు భక్తుల కన్నులు పెరికించినట్లున్నది. ఏ విధముగ చెప్పినను అది మహాపాపము. భయము దానిని మన్నింపజాలదు.

పిమ్మట జరిగినది మనకు తెలిసినదే. బసవేశ్వరుడు కల్యాణమును విడిచి సంగమేశ్వరమునకు వెడలెను. జగదేవుడు ఇరువురు సహచరులతో రాజమందిరమున ప్రవేశించి బిజ్జలుని వధించెనని బసవపురాణము చెప్పుచున్నది. జైన సంప్రదాయము విషప్రయోగమని చెప్పును. 1167 ప్రాంతమున బిజ్జలుని పాలన ముగిసి కుమారుడు సోవిదేవుడు రాజయ్యెనని శాసనములవలన తెలియుచున్నది.

ఇచ్చట మనము నిలచి యోచింపవలెను. ఆ కత్తి దేనిని సాధించెను? రాజు పోయెను, రాజరికము పోలేదు. అదే వంశము, అదే సింహాసనము. సోవిదేవుని వెనుక అతని తమ్ములు సంకముడు, ఆహవమల్లుడు, సింఘణుడు వరుసగా పాలించిరి. పదునేడేండ్లలో నలుగురు రాజులు మారిరి. 1184 ప్రాంతమున చాళుక్య నాల్గవ సోమేశ్వరుడు గద్దెను మరల గైకొనెను గాని అదియు నిలువలేదు. 1190 నాటికి ఉత్తరభాగము దేవగిరి యాదవుల పాలును, దక్షిణభాగము హొయసలుల పాలును అయ్యెను. తూర్పున కాకతీయులు స్వతంత్రులైరి. ఒక్క సామ్రాజ్యము మూడు ముక్కలైనది. కల్యాణము మరల మహాసామ్రాజ్యమునకు రాజధాని కాలేదు. ఆ పతనమున కంతకును ఆ హత్య యొక్కటియే కారణమనరాదు. చాళుక్యబలము అంతకుముందే సడలినది. కాని చీలుచున్న దానిని పట్టి నిలిపిన చేయి బిజ్జలునిది. ఆ చేయి తెగెను.

రాజ్యనష్టముకంటె మనకు బాధాకరమైన నష్టము వేరొకటి. హత్యకు ముందు శరణులు అన్యాయమునకు గురియైనవారు. హత్యానంతరము వారు రాజద్రోహులని వేటాడుటకు పాలకులకు సాకు దొరకెను. చెన్నబసవేశ్వరుడు శరణులతో కూడి, వచనముల కట్టలను మోసికొని, పడమటి అడవులలోని ఉళవికి చేరెనని పరంపర కలదు. అనుభవ మంటపము శూన్యమయ్యెను. తెలుగుదేశమున మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని దర్శింప బయలుదేరి, మార్గమధ్యమున ఆయన లింగైక్యవార్త విని దుఃఖించెనని సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వర్ణించెను. ఆ సమాగమము జరిగియుండినచో తెలుగు, కన్నడ శైవముల గతి యెట్లుండెడిదో! చెదరిన వచనములు విజయనగర రెండవ దేవరాయల కాలమున, అనగా రెండువందల యేబదియేండ్లకు పైబడిన పిదప, మరల సంకలనములుగా కూర్పబడినవి. హళకట్టివారు వచనశాస్త్ర సారమును అచ్చొత్తించినది 1923లో.

జగదేవుని భక్తిని మనము శంకింపము. తోడి శరణుల కన్నీటిని చూడలేక చేసిన పని యది. పురాణము అతనిని వీరభక్తునిగా కీర్తించినది. ఆ కీర్తిని తగ్గించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము కాదు. కాని కీర్తి వేరు, ఫలము వేరు. కులము నడ్డగించిన గోడ బిజ్జలుడొక్కడు కాడు; అది సభలోను, స్మృతులలోను, జనుల మనస్సులలోను ఉన్నది. ఆ గోడను బసవేశ్వరుడు కూలద్రోయ పూనినది దయతో, కాయకముతో, సహపంక్తి భోజనముతో. ఆ పని నెమ్మదిగా సాగును. దానికి కాలము కావలెను, నిలువ నీడ కావలెను. ఒక్క రాత్రి కత్తి ఆ కాలమును, ఆ నీడను రెంటిని హరించినది. అన్యాయము చేసినవాడు మరణించెను; అన్యాయము బ్రదికెను.

కావున శరణబంధువులారా! మఠములయందు పురాణ ప్రవచనము జరుగునపుడు, ఇండ్లలో పిల్లలకు బసవజయంతినాడు కథ చెప్పునపుడు, బిజ్జలుని వధతో కథను ముగింపకుడు. ఆ మరునాటి కల్యాణమును గూడ చెప్పుడు. ఖాళీయైన మంటపమును, వచనముల మూటలతో అడవిదారి పట్టిన శరణులను చెప్పుడు. హరళయ్య, మధువరసులు ఏ వివాహముకొరకు శిక్షను భరించిరో, అట్టి వివాహము మన యింట తటస్థించినపుడు మనమేమి చేయుచున్నామో గూడ ప్రశ్నించుకొందము. కల్యాణమున ఆగిపోయిన కార్యము మన వాకిట నున్నది. దానిని సాగించుటకు ఏ రాజును వధింపనక్కర లేదు.

శరణు శరణార్థి.