గోరా వేసిన పంక్తి

ఏలూరు, తాడేపల్లిగూడెం చేలల్లో, కొల్లేటి లంకల్లో కలిసి పనిచేసే మనం అన్నం దగ్గర పేటలవారీగా విడిపోతాం. గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975) ఈ గీతనే చెరిపారు. బ్రాహ్మణ ఇంట పుట్టి జంధ్యం తీసేశారు. తండ్రి ఇల్లు వదిలారు. నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడ కాలేజీ ఉద్యోగం ఊడింది. జంకలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. 1948లో సేవాగ్రాంలో పెద్ద కూతుర్ని దళిత యువకుడికిచ్చి పెళ్లి చేశారు.

పార్టీలు వద్దన్న ఆయన మాటతో మాకు పేచీ ఉంది. అయినా, దేవుడి భయం లేకుండానే మనిషి నీతిగా బతకొచ్చని బతికి చూపారాయన. సంఘం మీటింగుల్లో కులం పోవాలంటాం. మరి మన ఇంటి పంక్తి మాటేమిటి? ముందు అక్కడ తేల్చుకుందాం.