కోపాన్ని గెలిచాకే కప్పులొచ్చాయి

గోల్ఫ్‌లో బంతి కదలకుండా కూర్చుంటుంది. క్రికెట్‌లోలా దాన్ని ఎవరూ మన మీదికి విసరరు. కొట్టేదీ మనమే, చెడగొట్టుకునేదీ మనమే. అందుకే ఈ ఆటలో ఓడితే మరొకరి మీదికి నెట్టేయడం కుదరదు. ప్రపంచం మెచ్చిన గోల్ఫర్ బాబీ జోన్స్‌కు ఈ సంగతి వంటబట్టడానికి ఏడేళ్లు పట్టింది. ఆ తర్వాత మరో ఎనిమిదేళ్లు ఆయనకు ఎదురు లేకపోయింది. అయితే ఆ గెలుపులకు ఆయన ఒళ్లు చెల్లించిన మూల్యమూ తక్కువేం కాదు.

అది 1921. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్. గోల్ఫ్‌కు పుట్టిల్లని చెప్పుకొనే ఊరు. అక్కడి ఓల్డ్ కోర్సులో బ్రిటిష్ ఓపెన్ జరుగుతోంది. అమెరికా నుంచి వచ్చిన 19 ఏళ్ల కుర్రాడు మూడో రౌండు ఆడుతున్నాడు. మొదటి తొమ్మిది హోల్స్‌కే 46 షాట్లు అయిపోయాయి. పదకొండో హోల్ దగ్గర బంతి వెళ్లి బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో పడింది. కొట్టినా బయటికి రాలేదు. కుర్రాడి ఓపిక నశించింది. బంతిని చేత్తో తీసేసి పోటీ నుంచి తప్పుకొన్నాడు. ఓడిపోవడం వేరు, మధ్యలో వదిలేసి పోవడం వేరు. గోల్ఫ్‌లో రెండోది పెద్ద తలవంపు.

ఆ కుర్రాడే బాబీ జోన్స్. 37 ఏళ్ల తర్వాత అదే ఊరు ఆయన్ను పిలిచి, తమ ఊరి పౌరుడిగా గౌరవించింది. ఈ రెండు సంఘటనల మధ్య ఉన్నది ఒక ఆటగాడి కథే కాదు, తన మనసుతో తాను కుస్తీ పట్టిన మనిషి కథ.

అరగని పిల్లాడు

జోన్స్ 1902 మార్చి 17న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, అట్లాంటాలో పుట్టాడు. తండ్రి లాయరు. పిల్లాడు బాగా అర్భకుడు. ఏం పెట్టినా అరిగేది కాదు. ఆరుబయట తిరిగితే ఒళ్లు గట్టిపడుతుందన్న ఆశతో కుటుంబం ఊరి బయట ఈస్ట్ లేక్‌కు మారింది. ఇంటి పక్కనే గోల్ఫ్ కోర్సు. అక్కడ స్టీవర్ట్ మెయిడెన్ అనే స్కాట్లాండ్ గోల్ఫర్ పనిచేసేవాడు. బాబీకి ఆయన కూర్చోబెట్టి పాఠాలు చెప్పింది లేదు. పిల్లాడే ఆయన వెనకాల తిరుగుతూ, ఆయన కర్ర తిప్పే తీరును చూసి చూసి అచ్చు దింపేశాడు.

ఆరేళ్లకే పిల్లల పోటీలో గెలిచాడు. 14 ఏళ్లకే, 1916లో, అమెరికా అమెచ్యూర్ పోటీల్లో పెద్దవాళ్లతో తలపడి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాడు. ఇంత ప్రతిభ ఉంటే కప్పులు వరుస కట్టాలి కదా? కట్టలేదు. 1916 నుంచి 1922 దాకా ఏడేళ్లు ఒక్క పెద్ద పోటీ కూడా గెలవలేదు.

ముక్కు మీద కోపం

లోపం చేతిలో లేదు, కోపంలో ఉంది. షాటు తప్పితే బాబీ కర్ర విసిరికొట్టేవాడు, విరిచేసేవాడు, నోటికొచ్చినట్టు తిట్టేవాడు. తిట్లన్నీ తనకే, కానీ వినేది అందరూ. 1916 పోటీలో అతడూ, ప్రత్యర్థీ ఇద్దరూ కర్రలు విసురుకుంటుంటే చూసినవాళ్లు నవ్వుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో రెడ్‌క్రాస్ కోసం విరాళాలు పోగుచేసే ఆటల్లోనూ ఇదే వరస. 1921లో అమెరికా అమెచ్యూర్ పోటీల్లో విసిరిన కర్ర ఎగిరివెళ్లి ఒక మహిళ కాలికి తగిలింది. దాంతో అమెరికా గోల్ఫ్ సంఘం నుంచి గట్టి హెచ్చరికతో ఉత్తరం వచ్చింది. కోపం తగ్గించుకోకపోతే ఇక తమ పోటీల్లో ఆడనివ్వబోమన్నది దాని సారాంశం.

కోపం వచ్చినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో ఇప్పుడు మనకు తెలుసు. అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. భుజాలు, మెడ, వేళ్లు బిగుసుకుంటాయి. కొట్లాటకో, పరుగుకో ఇది పనికొస్తుంది. గోల్ఫ్‌కు మాత్రం శత్రువు. ఇక్కడ కర్రను పట్టీ పట్టనట్టు పట్టుకోవాలి. వేళ్లు కాస్త బిగిసినా బంతి దారి తప్పుతుంది.

ఇంకో చిక్కూ ఉంది. ఒక రౌండుకు నాలుగు గంటలు పడుతుందనుకుంటే, అందులో కర్ర తిప్పే సమయమంతా కలిపినా కొద్ది నిమిషాలే. మిగతాదంతా నడక, ఎదురుచూపు. అంటే జరిగిన తప్పును తలచుకుని కుమిలిపోవడానికి కావలసినంత తీరిక. ఒక చెడ్డ షాటు నాలుగు షాట్లను పాడుచేసేది ఆ తీరికలోనే. బాబీకి జరిగింది అదే.

పోటీ 'పార్'తోనే

మార్పు ఒక్కరోజులో రాలేదు. ఆటగాళ్లకు మానసిక నిపుణులు ఉండే కాలమూ కాదు. సెయింట్ ఆండ్రూస్‌లో చేసిన పనికి సిగ్గుపడటమే తొలిమెట్టు. తప్పు కోర్సుది కాదు, గాలిది కాదు, తనదేనని ఒప్పుకొన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా దొరికిన సూత్రం ఒకటుంది. ప్రతి హోల్‌కూ ఇన్ని షాట్లలో ముగించాలని ఒక లెక్క ఉంటుంది. దాన్నే 'పార్' అంటారు. ఎదుటివాడు ఎంత బాగా కొట్టాడు, ఎంత వెనకబడ్డాడు అని చూడటం మానేసి, పార్‌నే తన ప్రత్యర్థిగా పెట్టుకున్నాడు జోన్స్. పార్‌కు కోపం రాదు, పొంగిపోదు, కుంగిపోదు. దానితో పోటీ పడాలంటే మనమూ అలాగే ఉండాలి.

1923లో న్యూయార్క్ దగ్గర ఇన్‌వుడ్‌లో అమెరికా ఓపెన్. గెలుపు చేతిలో ఉండగా చివరి మూడు హోల్స్ పాడుచేసుకున్నాడు. బాబీ క్రూక్‌షాంక్‌తో స్కోరు సమమైంది. మర్నాడు ప్లేఆఫ్. పాత బాబీ అయితే రాత్రంతా రగిలి, పొద్దున్నే ఆట చెడగొట్టుకునేవాడే. ఈసారి పదిహేడు హోల్స్ అయ్యేసరికి ఇద్దరూ సమానం. చివరి హోల్‌లో బంతి అంత మంచిచోట లేదు, ఎదురుగా నీళ్లు. జోన్స్ తటపటాయించలేదు. నేరుగా నీటి మీదుగా కొట్టి బంతిని హోల్ దగ్గర దించాడు. అదే ఆయన మొదటి పెద్ద టైటిల్. అక్కడి నుంచి 1930 దాకా 13 పెద్ద టైటిళ్లు గెలిచాడు.

అలాగని ప్రతిసారీ గెలిచాడని కాదు. 1926లో వాల్టర్ హేగన్‌తో 72 హోల్స్ పోటీలో చిత్తుగా ఓడాడు. ఇంకా 11 హోల్స్ మిగిలి ఉండగానే హేగన్ 12 హోల్స్ ఆధిక్యంతో ముగించేశాడు. రౌండుకు ఏడు తప్పులైనా చేస్తానని హేగన్ ముందే లెక్కలో వేసుకునేవాడట. అందుకే తప్పు జరిగితే ఉలిక్కిపడేవాడు కాదు. జోన్స్ స్వభావం వేరు. ప్రతి షాటూ సరిగ్గా ఉండాలి. ఆ ఓటమి తర్వాత కుంగిపోకుండా, అదే ఏడాది బ్రిటిష్ ఓపెన్, అమెరికా ఓపెన్ రెండూ గెలిచాడు.

ఎవరూ చూడని తప్పు

1925 అమెరికా ఓపెన్‌లో గడ్డిలో ఉన్న బంతి దగ్గర కర్ర ఆనిస్తుండగా బంతి కాస్త కదిలింది. ఎవరూ చూడలేదు. నిర్వాహకులు అడిగినా కదల్లేదని చెప్పేసి ఊరుకోవచ్చు. జోన్స్ మాత్రం కదిలిందని పట్టుబట్టి, తనకు తానే ఒక షాటు జరిమానా వేయించుకున్నాడు. చివరికి స్కోర్లు సమమయ్యాయి, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. ఆ ఒక్క షాటే లేకుంటే కప్పు ఆయనదే. దీనికి అందరూ మెచ్చుకుంటే ఇబ్బంది పడ్డాడు. దొంగతనం చేయనందుకు మెచ్చుకోవడం ఏమిటన్నది ఆయన ఉద్దేశం. ఒకప్పుడు ఓటమిని భరించలేక బంతి చేతబట్టుకున్న కుర్రాడు నాలుగేళ్లలో చేరిన చోటు ఇది.

పైకి నిబ్బరం, లోపల తుపాను

బయటివాళ్లకు కనిపించింది ఈ నిబ్బరమే. ఇంట్లోవాళ్లకు, వెంట తిరిగిన అట్లాంటా విలేకరి ఓ.బి. కీలర్‌కు తెలిసింది వేరే. పోటీ రోజుల్లో పొద్దున ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. ఒక్క టోర్నీలో ఐదారు కిలోలు తగ్గిపోయేవాడు. సిగరెట్ మీద సిగరెట్ కాల్చేవాడు. సాయంత్రం వేడినీటి స్నానం చేస్తూ మద్యం తాగితేగానీ నరాలు సడలేవి కావు. కర్రలు విసరడం మానేశాడు కానీ, ఆ ఒత్తిడి ఎక్కడికీ పోలేదు. లోపలికి తిరిగింది.

1930లో ఏడాదిలోని నాలుగు పెద్ద టైటిళ్లనూ గెలవాలని బయల్దేరాడు. మేలో సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ అమెచ్యూర్, జూన్‌లో హొయ్‌లేక్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. జులైలో మినియాపోలిస్ దగ్గర అమెరికా ఓపెన్. ఎండ మండిపోతోంది. చెమటకు తడిసి టై ముడి ఊడిరాకపోతే కత్తితో కోయాల్సి వచ్చింది. అక్కడా గెలిచాడు. సెప్టెంబరులో మెరియన్‌లో అమెరికా అమెచ్యూర్. పద్నాలుగేళ్ల కిందట కర్రలు విసిరిన కోర్సు అదే. ఫైనల్ ముగియగానే మీదపడిన జనం నుంచి ఆయన్ను కాపాడటానికి సైనికులు చుట్టూ నిలబడ్డారు.

నవంబరులో పోటీల నుంచి తప్పుకొంటున్నట్టు ప్రకటించాడు. అప్పటికి వయసు 28. పైసా ప్రైజ్‌మనీ తీసుకోని అమెచ్యూర్. మెకానికల్ ఇంజినీరింగ్, ఇంగ్లిష్ సాహిత్యం చదివి, లా కూడా చేసిన లాయరు. భార్య మేరీ, ఇద్దరు పిల్లలు. గోల్ఫ్ తన జీవితంలో ఒక భాగమే తప్ప అదే జీవితం కాదనుకున్నాడు. ఒళ్లు ఇస్తున్న సంకేతాలను విన్నాడు. తర్వాత అగస్టాలో గోల్ఫ్ కోర్సు కట్టించి, 1934లో మాస్టర్స్ పోటీకి శ్రీకారం చుట్టాడు.

బంతి పడ్డచోటి నుంచే

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 1948 నాటికి మెడ, చేతుల్లో నొప్పి, కాళ్లలో పట్టు తప్పడం. ఆ ఏడాదే చివరిసారి గోల్ఫ్ ఆడాడు. రెండుసార్లు వెన్నుకు ఆపరేషన్ చేశారు, గుణం కనిపించలేదు. 1956లో తేలిన జబ్బు పేరు సిరింగోమైలియా. ఇందులో వెన్నుపాము లోపల నీరు నిండిన తిత్తి ఏర్పడి, పెరుగుతూ నరాలను నొక్కుతుంది. నొప్పి, వేడి తెలియకపోవడం, చేతుల్లో కండ కరిగిపోవడం, నడక తడబడటం దీని లక్షణాలు. ఇప్పుడు ఎంఆర్ఐతో దీన్ని గుర్తించవచ్చు. చాలామందికి సకాలంలో శస్త్రచికిత్సతో ముదరకుండా ఆపవచ్చు. అప్పట్లో ఆ వీలు లేదు. ఊతకర్ర, తర్వాత కాళ్లకు పట్టీలు, చివరికి చక్రాల కుర్చీ.

ప్రపంచంలోకెల్లా అందంగా కర్ర తిప్పిన చేతులు పెన్ను పట్టుకోవడానికి కష్టపడ్డాయి. అయినా ఆయన జాలి కోరలేదు. లా ఆఫీసుకు వెళ్లాడు, మాస్టర్స్‌కు హాజరయ్యాడు, 1960లో పుస్తకమూ తెచ్చాడు. బంతి ఎక్కడ పడితే అక్కడి నుంచే ఆడాలన్నది గోల్ఫ్‌లో మూల నియమం. ఇసుకలో పడిందని బంతిని తీసేసిన మనిషి, బతుకు ఇసుకలో పడ్డప్పుడు మాత్రం ఆట వదల్లేదు.

1958లో సెయింట్ ఆండ్రూస్ ఆయనకు పౌరసత్వ గౌరవం ఇచ్చింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తర్వాత అప్పటికి అది దక్కిన అమెరికన్ ఆయనే. నిలబడటమే కష్టమైన ఆ మనిషి హాల్లోంచి వెళుతుంటే, దూరమయ్యేవాళ్లను మళ్లీ రమ్మని పిలిచే పాత స్కాటిష్ పాటను జనమంతా గొంతు కలిపి పాడారు. 1971 డిసెంబరు 18న, 69వ ఏట ఆయన కన్నుమూశాడు. ఓల్డ్ కోర్సులో పదో హోల్‌కు ఇప్పుడు ఆయన పేరే ఉంది. అది దాటితే వచ్చేది, 1921లో ఆయన వదిలేసి వెళ్లిన పదకొండో హోల్.

జోన్స్ జీవితం నుంచి మనకు...

* పరీక్షలో ఒక ప్రశ్న పోయినా, ఆఫీసులో ఒక పని చెడినా అది అక్కడితో ఆగాలి. తర్వాతి పనికి వెళ్లేముందు నిదానంగా నాలుగైదుసార్లు ఊపిరి వదలండి. భుజాలు, పిడికిళ్లు సడలాయో లేదో చూసుకోండి.
* పక్కింటి పిల్లల మార్కులతో పోల్చకండి. మీ పిల్లలకు వాళ్లదైన 'పార్' ఒకటి పెట్టండి. నిన్నటికన్నా ఇవాళ మెరుగైతే చాలు.
* కోపాన్ని బయటికి కనిపించనివ్వకపోవడమే ప్రశాంతత కాదు. ఆకలి పోవడం, వాంతులు, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం వంటివి ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. డాక్టరుకు చూపించుకోవాలి, అవసరమైతే మానసిక నిపుణులను కలవాలి.
* ఒత్తిడికి సిగరెట్, మద్యం మందు కావు. వాటితో తాత్కాలికంగా హాయి అనిపించినా, గుండెకూ నిద్రకూ చేటే.
* చేతుల్లో వేడి, నొప్పి తెలియకపోవడం, పట్టు తగ్గడం, నడక తడబడటం వంటివి కనిపిస్తే వయసు ప్రభావమని సరిపెట్టుకోవద్దు. న్యూరాలజిస్టును సంప్రదించాలి.