ఊదా రంగు – పెర్కిన్ మహాశయుడు

ఊదా యని మనము ఒకే మాటతో పిలుచు వన్నెలు నిజమునకు రెండు. ఇంద్రధనుస్సులో నీలమునకు ఆవల అంచున నుండు వన్నె వయొలెట్, ఉర్దూలో బనఫ్షీ. ఎరుపు, నీలముల కలయికచే కలుగు వన్నె పర్పుల్. అది ఇంద్రధనుస్సులో లేదు. పూర్వము వేలకొలది సముద్రపు నత్తల నుండి తీయబడిన పర్పుల్ ప్రభువులకే దక్కెడిది. దానిని సామాన్యులకు చేరువ చేసినవాడు విలియం హెన్రీ పెర్కిన్.

ఈతడు 1838లో లండనులో జన్మించెను. రాయల్ కెమిస్ట్రీ కళాశాలలో హోఫ్‌మన్ ఆచార్యుని శిష్యుడై, 1856 ఈస్టరు సెలవులలో ఇంటిలోని ప్రయోగశాలయందు, బొగ్గు తారు నుండి వచ్చు అనిలీనుతో మలేరియా మందైన క్వినైనును చేయబూనెను. లభించినది నల్లని మడ్డి. పెర్కిన్ దానిని పారవేయక ఆల్కహాలులో కరిగించగా పర్పుల్ వన్నె తేలెను. పట్టుకు అంటిన ఆ రంగు ఉతికినను వీడదయ్యెను. అప్పటికి ఈతనికి 18 ఏండ్లు!

గురువు వారించినను కళాశాల విడిచి, తండ్రి కూడబెట్టిన ధనముతో 1857లో గ్రీన్‌ఫర్డున కర్మాగారము నెలకొల్పెను. ఆ రంగు మావ్ అను పేర ప్రసిద్ధి చెందెను. ఆ బాటలోనే 1861లో మిథైల్ వయొలెట్ వెలువడి, రబ్బరు ముద్రల సిరాలలో చేరెను. మావ్ ఎరుపు వైపునకు, మిథైల్ వయొలెట్ నీలము వైపునకు మొగ్గును. అయినను సిరాలోని వయొలెట్ ఇంద్రధనుస్సులోని శుద్ధ వర్ణము కాదు. అది నీలముతో పాటు కొంత ఎరుపును కూడ మన కంటికి పంపును.

1874లో వ్యాపారము విడిచి పరిశోధనకే అంకితుడైన పెర్కిన్, 1906లో సర్ బిరుదమునొంది, 1907లో కన్నుమూసెను. తలచినది దక్కనప్పుడు దక్కినదానిని శ్రద్ధతో పరిశీలింపవలెనని ఈ జీవితము మనకు తెలుపుచున్నది.