డాక్టరు రాబర్టు లాసుగారి చరిత్రము

చేతిపని తరగతికి పోవుటకు మన బాలురలో కొందరికి నామోషీగా నుండును. బల్లయొద్ద కూర్చుండి పుస్తకము చదువుటయే చదువనియు, చిత్రిక పట్టుట చదువురానివాని పనియనియు మన యిండ్లలో పెద్దలు సహితము తలంచుట కద్దు. అట్టివారు ఈ చరిత్రమును కొంత ఓపికతో చదువ ప్రార్థన.

స్కాట్లండు దేశమున అబర్దీను పట్టణమందు 1851వ సంవత్సరము మే నెల 28వ తేదీన రాబర్టు లాసుగారు జన్మించిరి. తండ్రి బీరువాలు, బల్లలు, కుర్చీలు చేయు వడ్రంగి. రెండేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. బాలుడు చిన్నతనముననే తండ్రివృత్తిలో ప్రవేశించి, పగలు ఉలియు రంపమును పట్టి, రాత్రులు తరగతులకు పోయి చదువుకొనెను. డేవిడ్ లివింగ్‌స్టన్ గారి ఆఫ్రికా ప్రయాణముల వృత్తాంతములు అతని మనస్సును మిక్కిలి ఆకర్షించినవి. తానును అచ్చటికి పోవలయునను కోరికతో సాహిత్యశాస్త్రములను, వైద్యమును, వేదాంతమును ఒకదానితో నొకటి కలిపి చదివిరి. గ్లాస్గో పట్టణములో చదువుకొనుచున్న కాలమున జ్వరపు ఆసుపత్రులలో రోగుల మధ్య సువార్తపని చేసిరి. 1875 నాటికి వారికి వైద్యపట్టమును గురుపట్టమును రెండును లభించినవి. వడ్రంగము అంతకుముందే చేతిలో నున్నది.

లివింగ్‌స్టన్ గారు 1873లో ఆఫ్రికా నడుమ మరణించిరి. మరుసటి యేడు వారి దేహము లండనులో సమాధి చేయబడిన పిమ్మట, ఆయన పేరిట న్యాసా సరస్సు తీరమున ఒక మిషను స్థాపింపవలెనని జేమ్సు స్టూవర్టుగారు స్కాట్లండు సంఘమువారి యెదుట ప్రతిపాదించిరి. ఈ స్టూవర్టుగారు దక్షిణాఫ్రికాలో లవ్‌డేలు అను విద్యాలయమునకు అధిపతి. అక్షరములతోపాటు చేతివృత్తులనుగూడ నేర్పుట అచ్చటి పద్ధతి. కనుక మొదటి బృందమును కూర్చినప్పుడు బోధకులను విశేషముగా పంపలేదు. నౌకాధికారియగు యంగుగారు నాయకుడు. తక్కినవారు కమ్మరి, వడ్రంగి, యంత్రములు తెలిసినవారు, వ్యవసాయకుడు, నావికుడు. వారిలో గురుపట్టము పొందినవారు లాసుగారొక్కరే.

వారు ఇలాలా యను చిన్న పొగయోడను ముక్కలు ముక్కలుగా విప్పి తీసికొనిపోయిరి. షీరే నదిలో జలపాతములు అడ్డగించిన చోట ఆ ఇనుపరేకులను, బాయిలరును వందలకొలది కూలివాండ్రు మోసికొని పోయి పైన దింపగా, వాటిని మరల కూర్చి బిగించిరి. 1875 అక్టోబరు 12న ఆ యోడ సరస్సులో ప్రవేశించెను.

మొదట కేప్ మక్లియరు అను చోట నిలిచిరి. చోటు సుందరమైనదేగాని జ్వరములకు నెలవు. వచ్చినవారిలో పలువురు సమాధులు చేరిరి. లవ్‌డేలునుండి 1876లో నలుగురు ఆఫ్రికా ఉపాధ్యాయులు సహాయమునకు వచ్చిరి. వారిలో షాడ్రాక్ అను యువకుడు మరుసటి యేటనే మృతినొందెను. విలియం కోయీ యను మరియొకరు, చుట్టుప్రక్కల జనులకు భయంకరులై యుండిన ఎన్గోనీల మధ్యకు పోయి, తన భాషకును వారి భాషకును గల దగ్గర సంబంధముచేత వారి నమ్మకమును సంపాదించి, 1886లో అక్కడనే ప్రాణము విడిచిరి. ఎన్గోనీల సీమలో బడులు తెరచుటకు త్రోవ చేసినది ఈయనయే. తెల్లదొరల చరిత్రములు వ్రాయునప్పుడు ఇట్టివారిని ఒక పంక్తిలో దాటిపోవుట వాడుకయైనది. నేనును అంతకుమించి చేయలేకపోతినని చింతించుచున్నాను.

కేప్ మక్లియరునందు మొదట బాప్తిస్మము పొందినవాడు ఆల్బర్టు నామలాంబే. అది 1881లో, అనగా వచ్చిన ఆరవ యేట. ఆ యేడే మిషను సరస్సు వెంబడి ఉత్తరముగా బండావె యను చోటికి తరలిపోగా, వెనుక మిగిలిన బడిని ఈ నామలాంబేయే నడపెను. లాసుగారికి 1879లో మార్గరెట్టు గ్రే యను కన్యకతో వివాహమైనది. భార్యాభర్తలు బడి నడుపుచు, లిపిలేని భాషలను వ్రాతలోనికి తెచ్చుచు పనిచేసిరి. చిన్యాంజా భాషలో క్రొత్తనిబంధన 1886లో వెలువడెను.

బండావెలో నున్నప్పుడే లాసుగారికి ఒక పెద్ద విద్యాలయమును స్థాపింపవలెనను ఆలోచన పుట్టినది. బడులకు ఉపాధ్యాయులు కావలెను. ఇండ్లకు పనివాండ్రు కావలెను. ఇద్దరును ఆ దేశస్థులే కావలెను. 1894లో ఎల్మ్‌స్లీ గారితోను, యూరయా చిర్వా యను ఆఫ్రికా సహోదరునితోను కొండలలో తిరిగి, సరస్సు మట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున ఖొండోవె యను చదునైన చోటును ఎన్నుకొనిరి. గాలి చల్లనిది, నీరు సమృద్ధి.

అందుకు ధనమిచ్చినవారిలో ముఖ్యుడు లార్డు ఓవర్‌టన్ అను ధనికుడు. విద్యాలయమునకు ఆయన పేరే పెట్టబడెను. అయితే 1899లో కీర్ హార్డీ యను కార్మికనాయకుడు, ఈ ప్రభువుగారి రసాయన కర్మాగారములో కూలివాండ్రు ఆదివారము సహితము విరామము లేక దినమునకు 12 గంటలు పనిచేయుచు, విషపు ధూళిచేత ముక్కులు పుండ్లు పడి బాధపడుచున్నారని కరపత్రములు ప్రకటించెను. విశ్రాంతిదినాచారమునకై పాటుపడిన వ్యక్తి కర్మాగారములో ఇట్లు జరుగుట దేశమున గొప్ప అల్లరి లేపెను. ఖొండోవె కొండమీది ఇటుకలలో గ్లాస్గో కూలివాని చెమటకూడ కలదని చెప్పక దాచుట న్యాయముగాదు.

ఇక ఆ కొండమీద దినములెట్లు గడచెనో చూతము. ఇటుకలు కొనుటకు అంగడి లేదు. మన్ను త్రొక్కి, అచ్చులు పోసి, ఆరబెట్టి, కాల్చుకొనవలెను. పలకలు కావలెనన్న చెట్టు నరికి, గోయి త్రవ్వి, దూలమును దానిపై నిలిపి, పైనొకడు క్రిందనొకడు నిలిచి పెద్ద రంపముతో కోయవలెను. ఇంటి గోడకు ముందు ఇటుక చేయువాడు, ఇటుకకు ముందు మన్నెరుగువాడు తయారు కావలెను. కనుక అచ్చట కట్టబడిన ప్రతి గోడయు ఒక పాఠమే. తాపీపని, వడ్రంగము, కమ్మరము, యంత్రపుపని, అచ్చుకూర్పు, పుస్తకముల కుట్టుపని, వ్యవసాయము, లెక్కలు వ్రాయుట, తంతివార్తలు పంపుట – ఇన్ని పనులు ఒక్క కొండమీద నేర్పబడెను. వీటితోపాటు ఉపాధ్యాయులను, వైద్యసహాయకులను, బోధకులను తయారుచేయు తరగతులుండెను. బాలికలకు వసతి పాఠశాలయు గలదు. చేతిపని నేర్చువానికి చదువు, చదువుకొనువానికి చేతిపని తప్పనివి.

సామాను సంగతి చెప్పనలవికాదు. స్కాట్లండునుండి బయలుదేరిన పెట్టె సముద్రముమీద చిందే రేవునకు వచ్చి, నదిపై చిన్న యోడ నెక్కి, జలపాతములయొద్ద కూలివాని తలకెక్కి, మరల సరస్సుపై యోడలో సాగి, తుదకు ఆ నిటారైన కొండను మనుష్యుల భుజములపై ఎక్కవలెను. ఒక యంత్రమునకు మర యొకటి తక్కువైనచో ఉత్తరము పోయి మర వచ్చువరకు నెలలు గడచును. అందుచేత పద్దులు, కొలతలు, జాబితాలు లాసుగారి నిత్యభోజనమువంటివాయెను. రోగుల గాయములు కట్టిన చేతులతోనే గోడల కొలతలు వేయుదురు. ప్రార్థనకూటమైన పిమ్మట కూలిలెక్క చూతురు. తొలిదినములలో ఆ దేశమున నాణెము చెల్లదు గనుక జీతములు మల్లుబట్టల మూరలలో కొలిచి ఇయ్యవలసివచ్చెను. దైవసేవయని చెప్పి యెవరైన పద్దులు సరిగా వ్రాయకుండుట వారికి సహింపరానిది. వారు నవ్వుట అరుదనియు, తాము పనిచేసినట్లే అందరును చేయవలెనని పట్టుబట్టుదురనియు తోడి మిషనరీలు కొంత బాధపడిరి.

1904లో కొండవాగు నీరు గొట్టములగుండ విద్యాలయమునకు వచ్చెను. మరుసటి యేడు జలశక్తిచే త్రిప్పబడు యంత్రమునుండి విద్యుద్దీపములు వెలిగెను. ఆ కాలమున మన దేశములో పెద్ద పట్టణములకే ఆ దీపములు అరుదు. సరస్సు తీరమునుండి కొండపైకి సుమారు 20 మలుపులు తిరుగు బాట త్రవ్వబడినది. దానిని అచ్చటివారు గొరోడె యని పిలిచిరి.

పని నేర్చినవాడు ఏమాయెను? ఇక్కడనే లాసుగారికి నిజమైన చిక్కు కలిగినది. వారి తలంపు ప్రకారము వడ్రంగి తన గ్రామమునకు తిరిగిపోయి మంచి యిండ్లు కట్టవలెను, తోడివారికి నేర్పవలెను. కాని దొరతనమువారు గుడిసెపన్ను విధించిరి. పన్నుకు నాణెము కావలెను. గ్రామములో నాణెము లేదు. దక్షిణమున రొడీషియాలోను, దక్షిణాఫ్రికా గనులలోను మంచి జీతములు. చేయి తిరిగిన పనివాండ్రు, తంతివార్తల గుమస్తాలు, లేఖకులు గుంపులుగా దేశము విడిచిపోయిరి. కొండమీద యింత ధనము వెచ్చించి పరదేశపు యజమానులకు పనివాండ్రను తయారుచేయుచున్నామా, గ్రామములలోని పని పస్తులుండుచున్నదిగదా యని మిషనులోనే కొందరు ప్రశ్నించిరి. లాసుగారు తమ మార్గమును మార్చుకొనలేదు. ఎవరి వాదము సరియైనదో యీనాడును తేల్చుట సులభముగాదు.

మరియొక విషయములో మాత్రము వారి యాలస్యము కప్పిపుచ్చరానిది. యంత్రమును, అచ్చుకూటమును, బడిని ఆఫ్రికావారి చేతికి అప్పగించుటకు త్వరపడిన ఈ పెద్దమనుష్యుడే, సంఘపు కాపరత్వమును అప్పగించుటకు మిక్కిలి జంకెను. చార్లెసు డొమింగో యను ప్రతిభావంతుడైన ఉపాధ్యాయుడు 1900 ప్రాంతమున వేదాంతశిక్షణ ముగించి, గురుపట్టమునకై యేండ్ల తరబడి వేచి వేచి, తుదకు 1908 ప్రాంతమున మిషనును విడిచి తన సొంత సంఘములను స్థాపించుకొనెను. జోనతాను చిర్వా, హెజెకియా ట్వెయా, యెషయా జెరెంజి మ్వాసి అను ముగ్గురికి గురుపట్టమిచ్చుట 1914లో గాని జరుగలేదు. ఇలాలా సరస్సులో ప్రవేశించి అప్పటికి 39 యేండ్లు. ఆ ముగ్గురిలో మ్వాసిగారుకూడ 1933లో వేరుపడిరి.

అయినను ఆ కొండనుండి దిగినవారు ఊరకుండలేదు. అచ్చట వాణిజ్యవిద్య నేర్చిన లీవై ముంబాగారు 1912లో ఉత్తర న్యాసా దేశీయుల సంఘమును స్థాపించినవారిలో ఒకరు. ప్రజలు తమ కష్టములను దొరతనమువారికి తెలుపుకొనుటకై యేర్పడిన ఆ సంఘమును లాసుగారు ప్రోత్సహించిరి. 1944లో న్యాసాలాండు ఆఫ్రికా కాంగ్రెసు ఏర్పడినప్పుడు ముంబాగారే మొదటి అధ్యక్షుడైరి. డేవిడ్ కౌండా యను మరియొక విద్యార్థి ఉపాధ్యాయుడై, కాలినడకను బెంబా జనుల సీమకు పోయి చిన్సాలీలో బడులు పెట్టెను. ఆయన కుమారుడు కెన్నెతు కౌండాగారు 1964లో జాంబియా దేశపు మొదటి రాష్ట్రపతి యైరి.

లాసుగారు 1908లో స్కాట్లండులోని తమ సంఘమునకు మాడరేటరుగా ఎన్నుకొనబడి, ఆ గౌరవకాలము ముగియగానే మరల కొండ యెక్కిరి. 1921లో దొరసానిగారు మరణించిరి. ఆ తరువాతను ఒంటరిగా ఆరేండ్లు పనిచేసి, విద్యాలయమును సర్వకలాశాలగా పెంచవలెనని పటములు, ప్రణాళికలు వ్రాసియుంచి, 76వ యేట, అనగా 1927లో, 52 సంవత్సరముల సేవానంతరము స్వదేశమునకు మరలిరి. వారు వెళ్లిన కొలదికాలమునకే ధనాభావముచేత విద్యాలయము తగ్గింపబడెను. సర్వకలాశాల యాలోచన మూలబడెను. 1934లో వారు కాలధర్మమునొందిరి.

లివింగ్‌స్టోనియా సర్వకలాశాల 2003లో అచ్చటి సంఘమువారి చేతనే స్థాపింపబడినది. లాసుగారు కాపురముండిన రాతియిల్లు ఇప్పుడు వస్తుప్రదర్శనశాలయు, బాటసారులకు బసయునై యున్నది. సరస్సు వైపునుండి దానిని చేరగోరువారు ఆ గొరోడె మలుపులనే తిరిగి పైకెక్కవలెను.