డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు – మా మనవడి కేసుషీటు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసివ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు మరో పేరు తట్టలేదు. నేను పండితుణ్ణి కాను. 1971లో జిల్లా ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియనుగా చేరి, అందులోనే రిటైరైనవాణ్ణి. తప్పులుంటే మిత్రులు మన్నించాలి.

ఆ రోజుల్లో సీరంలో ఫాస్పరస్ ఎంత ఉందో చూడాలంటే ఫిస్కే–సుబ్బారావు పద్ధతే. మాలిబ్డేటు కలిపి, ఇంకో రసాయనం వేస్తే గొట్టంలో నీలిరంగు తేలేది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్పరస్ అంత ఎక్కువన్నమాట. వందలసార్లు చేసి ఉంటాను. ఆ సుబ్బారావు ఎవరని మాత్రం ఇరవై నాలుగేళ్ళు ఎవర్నీ అడగలేదు. ఎవరో మద్రాసు ప్రొఫెసరు కాబోలనుకున్నాను. 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ళ విడుదలైనప్పుడు తెలిసింది, మా పాలకొల్లు నుంచి గంటలో వెళ్ళిపోయే భీమవరంలో పుట్టినాయన అని. సిగ్గుపడ్డాను.

ఆయన పుట్టింది 1895 జనవరి 12న. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, తల్లి వెంకమ్మ గారు. చదువు మొదట్లో సరిగా సాగలేదు. చిన్నతనంలో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు వదిలి పారిపోయారట. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపింది. మెట్రిక్యులేషను మూడోసారికి గాని గట్టెక్కలేదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసరుకు అది గిట్టలేదు. చివరికి ఆయన చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికి ఒక మెట్టు తక్కువైన ఎల్.ఎం.ఎస్. ఇంట్లో అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం ఇగిరిపోయి, మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బది. తర్వాత ఆయనకూ సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. ఆ జబ్బు అంతు చూడాలన్న పట్టుదల అప్పుడే పుట్టిందంటారు.

1922లో అప్పోసప్పో చేసి, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో అమెరికా వెళ్ళారు. మూడేళ్ళలో తిరిగొస్తానని భార్య శేషగిరి గారికి చెప్పి బయల్దేరారు. మళ్ళీ రాలేదు. ఆయన ఘనత రాసేవాళ్ళు ఈ సంగతి ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఆవిడ జీవితాంతం ఎదురుచూసిన సంగతి నాకు మాత్రం మింగుడుపడదు.

బోస్టనులో చదువుకుంటూనే పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు కడిగారు. హార్వర్డులో సైరస్ ఫిస్కే గారితో కలిసి నేను చెప్పిన పద్ధతిని 1925లో ప్రచురించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏ.టి.పి.ని 1929లో బయటపెట్టారు. 1930లో పిహెచ్.డి. వచ్చింది గాని అక్కడ పర్మనెంటు ఉద్యోగం రాలేదు. పర్మనెంటు కాకపోతే ఎంత కష్టమో మన సంఘ సభ్యులకు నేను చెప్పాలా! 1940లో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి మారారు.

అక్కడే ఆయన చేతి చలవ కనబడింది. ఆయన బృందం 1945కల్లా ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూలో ఇగిరిపోయే రక్తాన్ని మళ్ళీ పుట్టించే విటమిను అది. తన ఇంట రెండు ప్రాణాలు తీసిన జబ్బుకు మందు దొరికిందన్నమాట. బోదకాలుకు వాడే హెట్రజాన్, డుగ్గర్ గారు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాలలోంచే వచ్చాయి.

ఇక అసలు విషయం. రక్త కేన్సరు పిల్లలకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు ఇంకా పెరుగుతున్నట్టు బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ గమనించారు. అలాగైతే దానికి విరుగుడు ఇస్తే? ఆ విరుగుడును సుబ్బారావు గారి బృందమే తయారుచేసి పంపింది. చూడటానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటుంది. కణంలోని ఎంజైము మోసపోయి దాన్ని పట్టుకుంటుంది, పని ఆగిపోతుంది. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించిందని ఫార్బర్ గారు 1948 జూన్‌లో ప్రకటించారు. అది తాత్కాలికమే, జబ్బు తిరగబెట్టింది. అయినా అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు. ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53.

2016లో మా అమ్మాయి కొడుక్కి ఆరేళ్ళు. జ్వరం తగ్గదు, ఒంటిమీద నీలం మచ్చలు. రక్తం స్లైడు నేనే మైక్రోస్కోపులో చూశాను. చూసి ఇంట్లో ఎవరికీ చెప్పలేక పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. హైదరాబాదు తీసుకెళ్ళాం. కేసుషీటులో మెథోట్రెక్సేట్ అని ఉంది. సుబ్బారావు గారి విరుగుడు సంతతే. పసుపుపచ్చని ద్రవాన్ని వెన్నులోకి ఎక్కించేవారు.

దాని కింద ఆస్పరాజినేజ్ అని ఇంకో పేరు. ఇది సుబ్బారావు గారిది కాదు, ఆయన పోయాక వచ్చింది. 1953లో కిడ్ అనే శాస్త్రజ్ఞుడు గినీపంది సీరం ఎలుకల్లోని కేన్సరును కరిగించడం చూశారు. అందులో పనిచేసేది ఒక ఎంజైమని తర్వాత తేలింది. మందుకు సరిపడా కావాలంటే ఎన్ని గినీపందులు కావాలి? 1964లో అదే పనిచేసే ఎంజైము ఈ.కోలైలో దొరికింది. మన పేగుల్లో ఉండే ఆ సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి, రోగుల మూత్రంలో వెతికి వెతికి పట్టుకున్న నాకు అది మందవుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. రక్త కేన్సరు కణాలు ఆస్పరాజిన్ అనే పోషకాన్ని తగినంత తయారుచేసుకోలేవు, రక్తంలోంచి లాక్కుంటాయి. ఈ ఎంజైము దాన్ని రక్తంలోనే విరగ్గొడుతుంది. మంచి కణాలు తమది తామే వండుకుంటాయి కనుక చాలావరకు తట్టుకుంటాయి. ఒక్కోసారి ఒళ్ళు ఎదురు తిరుగుతుంది. అందుకే ఇంజెక్షనయ్యాక నర్సమ్మ వాడి పక్కనే గంటసేపు కూర్చునేది.

ఒక మాట. మనలో కొందరు కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ మాత్రలు వేసుకుంటున్నారు. అది వారానికి ఒక్కరోజే వేసుకోవలసినది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. సీసా మీద వారం పేరు రాసి పెట్టుకోండి.

మావాడి వైద్యం 2019లో పూర్తయింది. ఇప్పుడు పదో తరగతి. ఆ తపాలా బిళ్ళ వాడికిచ్చి కథంతా చెప్పాను. నేను అనుకున్నది ఒకటి, వాడు పట్టుకున్నది ఒకటి. లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడల్లా, సుబ్బారావు గారు మూడోసారికి పాసయ్యారని తాతయ్యే చెప్పాడమ్మా అంటాడు. మా అమ్మాయి నామీద విరుచుకుపడుతుంది.