రమాబాయి ఇంటి లెక్క



నెల మొదలైతే మీ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఫైనాన్స్ కిస్తీ, గ్రూపు లోను, చిట్టీ, పిల్లల ఫీజు. అప్పు తీర్చేద్దామని మొదటి రెండు నెలలు పట్టుదలగా ఖర్చు తగ్గిస్తాం. మూడో నెలకి విసుగొచ్చేస్తుంది. ఎన్నాళ్ళీ బతుకు అనిపిస్తుంది. అలా అనిపించిన రోజున రమాబాయి గారిని తలుచుకోండి. ఫొటోకి దండ వేసి ఊరుకోకండి, ఆమె ఇల్లు ఎలా నడిపిందో ఒకసారి చూడండి.

రమాబాయి 1898 ఫిబ్రవరి 7న పుట్టారు. ఊరు కొంకణ ప్రాంతంలో దాపోలీ దగ్గరి వణంద్. తండ్రి భికూ దాభోళ్ రేవులో చేపల గంపలు మోసేవాడు. తల్లీతండ్రీ చిన్నతనంలోనే పోయారు. మేనమామ వాళ్ళు బొంబాయికి తెచ్చుకుని పెంచారు. 1906లో, బైకుల్లా మార్కెట్లో రాత్రి దుకాణాలు కట్టేశాక, ఆ షెడ్డు కిందే భీమ్‌రావుతో పెళ్ళి జరిగింది. ఆమెకి తొమ్మిదేళ్ళు నిండీ నిండని వయసు. పందిరికి డబ్బు లేదు. పెళ్ళి కోసం అప్పు చేసి పదేళ్ళు వడ్డీ కట్టే మనం ఆ మార్కెట్ షెడ్డుని గుర్తు పెట్టుకోవాలి.

1913 ఫిబ్రవరిలో మామగారు రాంజీ సక్పాల్ చనిపోయారు. అదే ఏడు బాబాసాహెబ్ అమెరికా వెళ్ళారు. బరోడా సంస్థానం ఇచ్చింది నెలకు పదకొండున్నర పౌండ్లు. ఆయన తిండి, చదువు, పుస్తకాలు అన్నీ అందులోనే, ఇంటికి పంపేదీ అందులోంచే. 1917లో తిరిగొచ్చేటప్పుడు సామాను వేసిన ఓడ యుద్ధంలో మునిగిపోయింది. దాని తాలూకు పరిహారం డబ్బుతోనే ఆయన బరోడా ఉద్యోగానికి బయలుదేరారు. అక్కడ కులం ఆయన్ని నిలవనివ్వలేదు. ఆ కథ మీకు తెలిసిందే.

మనం ఆగి చూడాల్సింది ఆ తర్వాతి రెండేళ్ళని. 1918 నవంబర్‌లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. జీతం నెలకు 450 రూపాయలు. ఆ రోజుల్లో అది పెద్ద జీతం. మనింట్లో అయితే ఏం చేస్తాం? ఇన్నాళ్ళు కష్టపడ్డాం కదా అని ఇల్లు మారుస్తాం, బండి కొంటాం. వాళ్ళు పరేల్‌లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాల్ రెండు గదుల్లోనే ఉండిపోయారు. ఇంటి ఖర్చుకని కొంత సొమ్ము రమాబాయి చేతికొచ్చేది, మిగిలింది లండన్ చదువు కోసం పక్కకి పోయేది. ఆ కొంతలోనే తోటికోడలు లక్ష్మీబాయి, ఆమె కొడుకు కూడా గడవాలి. జీతం పెరిగినా ఖర్చు పెరగలేదు, అదీ అసలు సంగతి. అదెలా సాధ్యమైందంటే, డబ్బు ఎటు పోతోందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మన ఇళ్ళల్లో అప్పు ఎంతుందో మగాడికి తప్ప ఎవరికీ తెలీదు. ఆడవాళ్ళకీ పిల్లలకీ లెక్క చెప్పకుండా ఖర్చు తగ్గించమంటే ఎందుకు తగ్గిస్తారు చెప్పండి?

1920 జులైలో ఆయన మళ్ళీ లండన్ వెళ్ళారు. దాచిన సొమ్ము చాల్లేదు. మిత్రుడు నవల్ భతేనా దగ్గర 5000 రూపాయలు అప్పు తీసుకున్నారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం చేశారు. అక్కడ ఆయన బండి ఛార్జీ మిగలడానికి నడిచి, రాత్రి ఆకలికి అప్పడాలు తిని చదువుకున్నారు. అప్పే, కానీ దేనికో చూడండి. ఆ అప్పుతో బారిస్టర్ అయ్యారు, డాక్టరేట్ తెచ్చుకున్నారు.

ఇక్కడ రమాబాయి మూడేళ్ళు దాదాపు ఒంటరిగా ఇల్లు లాక్కొచ్చారు. తెల్లవారకముందే వెళ్ళి పేడ ఏరుకొచ్చి పిడకలు చేసేవారని, పెద్ద చదువుల మనిషి భార్య ఇలా అంటారేమోనని చీకట్లోనే తిరిగొచ్చేవారని మనవాళ్ళు చెప్పుకుంటారు. 1923లో ఆయన తిరిగొచ్చాక కూడా కష్టం వెంటనే తీరలేదు. అంటరాని బారిస్టర్‌కి కేసులెవరిస్తారు?

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. ఐదుగురు బిడ్డల్లో యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. గంగాధర్, రమేశ్, ఇందు, చివరికి 1926లో రాజరత్న. రమాబాయి ఆరోగ్యం కూడా చితికిపోయింది. దీన్ని త్యాగం అని పొగిడేసి వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. లేమి ఆ ఇంటి నుంచి చాలా తీసుకుపోయింది. కాబట్టి మీరు అప్పు తీర్చడానికి ఖర్చు కోసేటప్పుడు బిడ్డ మందుల మీద, ఇంటామె అన్నం మీద కత్తెర పెట్టకండి. మందు సీసా మీద, తిరునాళ్ళ మీద, చూసేవాళ్ళ కోసం చేసే పుట్టినరోజుల మీద పెట్టండి.

బుద్ధుడు గృహస్థులకి డబ్బు గురించి చెప్పలేదనుకుంటారు చాలామంది. చెప్పాడు. సిగాలుడికి చెప్పిన సుత్తంలో సంపాదన నాలుగు భాగాలు చేయమన్నాడు: ఒకటి అనుభవించడానికి, రెండు పనికి పెట్టుబడిగా, ఒకటి ఆపద కోసం. అనాథపిండికుడికి గృహస్థుడి సుఖాలు నాలుగు చెప్తూ, అప్పు లేకపోవడాన్ని అందులో ఒకటిగా లెక్కేశాడు. దీఘజాణుడికి సమజీవిత గురించి చెప్పాడు: రాబడికి మించి పోకూడదు, అలాగని పిసినారిగా కడుపు మాడ్చుకోకూడదు. మీ కిస్తీల కాగితం పక్కన ఈ నాలుగు భాగాలు రాసి గోడకి అంటించండి. వందన అయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని, ఈ నెల అప్పు ఎంత తగ్గిందో పిల్లల చేత చదివించండి. తగ్గే అంకె కళ్ళకి కనిపిస్తుంటే మూడో నెల విసుగు అంతగా రాదు, మా ఇంట్లో చూశాను.

రమాబాయికి ఈ సుత్తాలు తెలియవు. ఆమె పండరీపురం వెళ్ళాలని ఆశపడ్డ మనిషి. మనల్ని అంటరానివాళ్ళుగా బయట నిలబెట్టే గుడికి వద్దని బాబాసాహెబ్ అన్నారు. దాదర్‌లో రాజగృహ కట్టాక ఆమె సుఖపడింది కొద్దికాలమే. 1935 మే 27న అక్కడే కన్నుమూశారు. ఆ అక్టోబర్‌లోనే యేవలాలో బాబాసాహెబ్ హిందువుగా చావనని ప్రకటించారు. 1940లో పాకిస్తాన్ మీద రాసిన పుస్తకాన్ని ఆయన రాముకి అంకితం చేశారు, స్నేహితులు లేని ఆ లేమి రోజుల్లో తనతో పాటు కష్టం పంచుకున్నందుకు.