ఆకాశంలో లెక్క చేసిన మనిషి: జె.ఆర్.డి. టాటా

దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని మేమంతా గణితం తరగతిలో నేర్చుకున్నాము. ఆ లెక్కను మన దేశపు ఆకాశంలో స్వయంగా చేసి చూపినవారు జె.ఆర్.డి. టాటా.

ఆయన 1904 జూలై 29న పారిస్‌లో పుట్టారు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచి వనిత. ఇంగ్లీషు కాలువను మొదటిసారి విమానంలో దాటిన బ్లేరియో కుటుంబం వేసవి సెలవుల్లో వారి పొరుగునే ఉండేది. అక్కడి సముద్రపు ఒడ్డున వాలే విమానాలను చూసి ఆ పిల్లవాడి మనసు ఆకాశం మీదికి పోయింది. 1929 ఫిబ్రవరి 10న భారతదేశంలో మొదటి పైలట్ లైసెన్సు ఆయనకే దక్కింది.

1930లో ఇంగ్లాండు, భారతదేశాల మధ్య ఒంటరిగా ఎగిరే మొదటి భారతీయుడికి ఆగాఖాన్ ఒక బహుమతి ప్రకటించారు. టాటా కరాచీ నుంచి, ఆస్పీ ఇంజనీర్ అనే కుర్రవాడు ఇంగ్లాండు నుంచి బయలుదేరారు. ఈజిప్టులో ఇద్దరూ కలుసుకున్నారు. ఆస్పీ విమానానికి స్పార్క్ ప్లగ్గు కావలసివచ్చి అక్కడే చిక్కుబడ్డాడు. టాటా తన దగ్గరున్నది ఇచ్చేశారు. కొద్ది గంటల తేడాతో ఆస్పీయే గెలిచాడు. తరువాత ఆయన మన వైమానిక దళాధిపతి అయ్యారు.

1932 అక్టోబరు 15న టాటా ఒంటి ఇంజను పుస్ మాత్ విమానంలో సుమారు 25 కిలోల ఉత్తరాలతో కరాచీలో ఎగిరారు. అందులో రేడియో లేదు. అహమదాబాదులో ఆగినప్పుడు పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. ఉదయం ఆరున్నర దాటాక బయలుదేరి, మధ్యాహ్నం రెండు కావస్తుండగా బొంబాయి జుహూలో దిగారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు టపా చేర్చారు.

మేము లెక్క కట్టి చూశాము. అహమదాబాదు మీదుగా దూరం సుమారు 1,040 కిలోమీటర్లు. గంటకు 160 కిలోమీటర్ల వేగమైతే ఆరున్నర గంటలు. మిగిలిన సమయం పెట్రోలుకు పోయి ఉంటుంది! నేటి జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో అదే దారిని గంటా ఇరవై నిమిషాల్లో దాటగలదు.

ఆ టపా సంస్థే 1946లో ఎయిర్ ఇండియా అయింది. 1948 జూన్‌లో బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండనుకు సర్వీసు మొదలైంది. 1953లో ప్రభుత్వం సంస్థను జాతీయం చేసినా ఆయన ఛైర్మన్‌గా చాలా ఏళ్లు సేవ చేశారు.

1982లో, 78 ఏళ్ల వయసులో, ఆయన మళ్ళీ కరాచీ నుంచి బొంబాయికి చిన్న విమానం నడుపుకుంటూ వచ్చారు. 1992లో భారతరత్న అందుకున్నారు. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు.

ఇప్పుడు దూరం, కాలం లెక్క చేసేటప్పుడల్లా మాకు ఆ ఎడ్లబండి గుర్తుకొస్తుంది. ఆయన పోటీదారుకు ఇచ్చేసిన స్పార్క్ ప్లగ్గు మరీ గుర్తుకొస్తుంది.